బోర్లించిన జాడీ

ముందే చెప్పేస్తున్నాను. నాకు కొంచెం పెంచి చెప్పే అలవాటుంది. ఆ ‘కొంచెం’ కూడా తగ్గించి చెప్పిందే. మా వీధిలో నాలుగు చినుకులు పడితే నేను ఆఫీసుకెళ్ళి గోదావరికి వరదొచ్చిందని చెబుతాను. వంకాయలు తెమ్మని బజారుకు పంపితే, ఆ వంకాయల కోసం నేను పడ్డ పాట్లు చెప్పడం అయ్యేలోగా కూర ఉడికి, చల్లారి, పిల్లలు తినేసి నిద్రపోతారు. మా ఆవిడ నా మాటల్ని బియ్యంలో మట్టిబెడ్డలు ఏరినట్టు ఏరుకుంటూ వింటుంది. మీరూ అలాగే చెయ్యండి. దేన్నయినా సగానికి సగం తగ్గించుకుంటే నిజానికి దగ్గర్లోనే ఉంటారు. ఇందులో అచ్చంగా కల్పన ఏదో ఆఖర్న నేనే ఒప్పుకుంటాను. అందాకా ఎవరూ టేపు పట్టుకుని మా ఇంటికి కొలవడానికి రావద్దని మనవి.

మా అమ్మకో ఆవకాయ జాడీ ఉండేది. మెడ దగ్గర తేనెరంగు, కింద మీగడ తెలుపు. దాని నోరు కుంభకర్ణుడు ఆవలించినట్టుండేది. అమ్మ అందులోకి మోచెయ్యి మునిగేదాకా దింపి అడుగున ఉన్న ముక్కని పైకి తీసేది. కలిపిన మూడోరోజు మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పి తిరగకలుపుతుంటే ఆ వాసనకి మా వీధంతా గిన్నెలు పట్టుకుని గుమ్మం ముందు నిలబడేది. కొవ్వూరు నుంచి వంతెన మీద వస్తున్న రైల్లో జనం కిటికీల్లోంచి తలలు బయట పెట్టేవారు. డ్రైవరు కూడా. మా రాజమండ్రి ఇంట్లో నాకన్నా ఆ జాడీకే మర్యాద ఎక్కువ. నేను జ్వరమొచ్చి పడుకుంటే చావిట్లో మంచం, జాడీకి మాత్రం వంటింట్లో ఈశాన్యం మూల.

తొంభైలు ముగుస్తున్న రోజుల్లో ఒక ఉగాది వెళ్ళాక, అమ్మ ఆ జాడీని కడిగి పెరట్లో ఎండకు పెట్టింది. మేమంతా లోపల ఉన్నాం. ఢామ్మని చప్పుడైంది. పరుగెత్తుకెళ్ళి చూస్తే జాడీ ముక్కలై పడి ఉంది. ఆ పక్కనే చిన్న పీట మీద అమ్మ కూర్చుని ఉంది.

“కోతి,” అంది.

అంతే అంది. మిగతాదంతా నేను పూరించాను. సాయంత్రానికి వీధిలో వాళ్ళకి చెప్పేటప్పటికి ఆ కోతి జాడీలో తల దూర్చింది. మర్నాడు ఆఫీసులో చెప్పేటప్పటికి ఆ కోతి ఆవకాయ ఘాటుకి కళ్ళమ్మట నీళ్ళు కారుతూ జాడీని నెత్తిమీద తొడుక్కుని గోడ దూకింది. వారం తిరిగేసరికి అది గున్న ఏనుగంతై, డాబాల మీంచి డాబాల మీదకు గెంతుకుంటూ కోరుకొండ చేరి, మెట్లన్నీ ఎక్కి, నరసింహస్వామికి మా అమ్మ మీద ఫిర్యాదు చేసి, ఇప్పటికీ అక్కడ చప్పిడి తిండి మీదే బతుకుతోంది. నేను ఎవరికి చెప్పినా అమ్మ పనాపి శ్రద్ధగా వినేది. ఒక్కసారి కూడా దిద్దలేదు. నా మాటలు ఇంట్లో ఎవరూ అంత గౌరవంగా విన్న గుర్తు లేదు నాకు.

కానీ జాడీ పోయిన రాత్రే భోజనాల దగ్గర అమ్మ ఒక మాట ప్రకటించింది. ఈ ఏడు ఆవకాయ పెట్టదట.

మీ ఇళ్ళల్లో ఇది చిన్న సంగతి కావచ్చు. మా ఇంట్లో గోదావరి వెనక్కి పారుతుందన్నా ఇంత కంగారు పడేవాళ్ళం కాదు. పిల్లలు ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయారు. మర్నాడు పొద్దున్నే నేను బజారు మీద పడి, దొరికిన జాడీ దొరికినట్టు ఇంటికి మోసుకొచ్చాను. ఒకదానికి నోరు చిన్నది. చెయ్యి దూరని జాడీ, తాళంచెవి పోయిన బీరువా ఒకటేరా అని అమ్మ పక్కకి నెట్టింది. ఇంకోదాన్ని వేలితో కొట్టి, చెవి ఆనించి విని, ఇది దగ్గుతోందంది. మూడోదాని వంక అసలు చూడలేదు, దాని మొహం బాగోలేదట. ప్లాస్టిక్ డబ్బా మాట ఎత్తిన మా ఆవిడని అమ్మ చూసిన చూపుకి, డబ్బా గనక అక్కడుంటే కరిగి గచ్చు మీద పారేది.

అప్పుడు నేను నిలబడి, తువ్వాలు భుజాన వేసుకుని, “అయితే జాడీ నేనే చేస్తానమ్మా,” అన్నాను.

ఆ ధైర్యానికి ఒక కారణం ఉంది. ఆ ఎండాకాలం నేనొక తరగతిలో చేరాను. కుమ్మరి సారె లేకుండా ఒట్టి చేతుల్తో మట్టి వస్తువులు చేసి, గ్లేజు వేసి కాల్చే తరగతి. గ్లేజంటే మరేం లేదు, జాడీల మీదా టీకప్పుల మీదా తళతళలాడే గాజుపూత. ఊరి బయట మండపేట దారిలో ఖాళీగా పడున్న ధాన్యం గోడౌన్లో సాయంత్రాలు నడిచేది. నేనొక్కణ్ణే వెళ్తే ఊరికి క్షేమం కాదని మా ఆవిడ కూడా చేరింది. ఆవిడ పుట్టింది ఆత్రేయపురంలో. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీంతో పని ఉంది.

పాఠం చెప్పే మాస్టారు ఒక పింగాణీ ఫ్యాక్టరీలో గ్లేజు విభాగంలో పని చేసి రిటైరైన మనిషి. ఆయన ఉపన్యాసం మొదలుపెడితే మా చేతుల్లో మట్టి ఆరి, బీటలిచ్చి, మళ్ళీ పొలంలో కలిసిపోయేది. తీపి ఒక్కటే ఆయన బలహీనత. జేబులో ఎప్పుడూ బెల్లం ముక్కుండేది. రోజూ తరగతి చివర దణ్ణంలాగ ఒకే మాట చెప్పేవారు: గ్లేజు ముందు లోపల పొయ్యాలండి, తిప్పి వంపేయాలండి, బయట సంగతి ఆ తరవాతండి. మేం రోజూ తలలూపేవాళ్ళం. రోజూ విన్న మాట చెవిలో ఇల్లు కట్టుకుంటుందేగాని బయటికి రాదని నాకప్పుడు తెలియదు.

తరగతిలో మాకు బాగా దగ్గరైనవారు భీమవరం వైపు రొయ్యల చెరువులున్న రాజుగారు. రక్తపోటు తగ్గాలంటే చేతులకి పని చెప్పమని డాక్టరు అన్నాడట. రాజమండ్రిలో అల్లుడిగారింట్లో మకాం పెట్టి మట్టి పిసకడానికొచ్చేవారు. ఆయన మర్యాద ఎలాంటిదంటే, మట్టిముద్దని గుద్దే ముందు కూడా “ఏమనుకోకండి” అనేవారు. ఆయన చేతిలో ఒక సెల్‌ఫోను ఉండేది. ఇటుక కన్నా కొంచెం పెద్దది, మోగితే గోడౌన్లో పావురాలు లేచిపోయేవి.

మొదట్లో అందరం అచ్చుల పిచ్చిలో పడ్డాం. తడి మట్టిపలక మీద దేన్ని ఒత్తితే దాని గీతలు దిగుతాయని తెలిశాక, ఇక ఏ వస్తువునీ మామూలుగా చూడలేకపోయాం. గోనెసంచి ఒత్తాం, తాటాకు చాప ఒత్తాం, పనసకాయ తొక్క ఒత్తాం. రాజుగారు రొయ్యల వల ఒత్తితే చేపపొలుసుల్లా బ్రహ్మాండంగా వచ్చింది. నేను హవాయి చెప్పు అడుగు భాగం ఒత్తి, అది అజంతా నుంచి తెచ్చిన నమూనా అని చెప్పాను, రాజుగారు నమ్మి చెప్పులిప్పి చూశారు. మా బ్యాంకులో మేనేజరుగారి కుర్చీ అల్లిక చాలా అందంగా ఉండేది. ఒక మధ్యాహ్నం ఆయన లేనప్పుడు దాని మీద మట్టిపలక పరిచాను. ఒత్తే లోగా ఆయనే వచ్చి కూర్చున్నారు. ఆ అచ్చు ఎంత చక్కగా పడిందంటే, అందులో కుర్చీ అల్లికతో పాటు మేనేజరుగారి ప్యాంటు నేత కూడా స్పష్టంగా కనిపించేది. నన్ను బదిలీ చేస్తామన్నారు. మచ్చుముక్క చూశాక మానేశారు.

తరవాత గ్లేజు ప్రయోగాలు. మాస్టారు మా అందరికీ ఒక తెల్ల గ్లేజు కలిపిచ్చి, మీ ఊళ్ళో దొరికే బూడిద తెచ్చి అందులో కలపండి, ఏమవుతుందో బట్టీ చెబుతుందన్నారు. సీసం గీసం విషమని దగ్గరికి రానిచ్చేవారు కాదు. బూడిద, మట్టి, సున్నం, అంతే. నేను మండపేట రైసుమిల్లుకెళ్ళి ఊక బూడిద తెచ్చాను. మొహం, జుట్టు, మీసం తెల్లబడి ఇంటికొస్తే మా పిల్లలు తాతగారొచ్చారని కాళ్ళకి దణ్ణం పెట్టారు. అరటిబోదెల బూడిద మంచిదని ఎవరో అంటే రావులపాలెం అరటి మార్కెట్టుకెళ్ళి ఒక బోదెని బస్సులో పక్క సీట్లో కూర్చోబెట్టి తెచ్చాను. కండక్టరు దానికీ టిక్కెట్టు కొట్టాడు. బొమ్మూరు దగ్గర ఒక ముసలాయన దాన్ని కొంచెం జరగమన్నాడు. రాజుగారు ఆల్చిప్పల సున్నం పట్టుకొచ్చారు.

ఇవన్నీ పరీక్షించడానికి అందరం చిన్నచిన్న ముంతలు చేసుకున్నాం. మావిడికాయ పట్టేంత ముంత, దానికో మెడ. మాస్టారు వాటికి ‘ట్రయలు ముంతలు’ అని పేరు పెట్టారు. బక్కెట్లో నిండా ముంచి తీస్తే లోపలా బయటా ఒక్కసారే గ్లేజు అంటుకునేది. నేను చేసినవి ఒక్కటీ తిన్నగా నిలబడేది కాదు. ఒకటి అత్తారింట్లో అలిగిన అల్లుడిలా పక్కకి తిరిగి ఉండేది, ఒకటి కళ్ళు తిరిగినట్టు వెనక్కి వాలేది. కానీ బట్టీ తెరిచిన రోజున ఆ రంగులు చూడాలి. ఊక బూడిదది తరవాణి నీళ్ళలాంటి మబ్బు తెలుపు. అరటి బూడిదది లేతాకుపచ్చ, కాలువలో నాచులా కిందికి జారి గడ్డకట్టింది. కోరుకొండ దారిలో తవ్వి తెచ్చిన ఎర్రమట్టి కలిపితే మా అమ్మ పాత జాడీ మెడ ఉందే, అచ్చం ఆ తేనెరంగు. ఆ రంగు చూసి నేను గోడౌనంతా గంతులేశాను. రాజుగారు మర్యాదకి తనూ ఒక గంతు వేశారు.

ఇక జాడీ సంగతి. అమ్మ చేతిని దారంతో కొలిచాను, వేలి చివర నుంచి మోచేతి పైదాకా. అది లోతు. రెండు చేతులు ఒక్కసారి దూరేంత నోరు. వాసెన కట్టడానికి పైన గట్టి అంచు. అమ్మ కొలత ఇస్తూ, నువ్వు చెయ్యలేవులే అన్నట్టు కాకుండా, చేసినా నేను పెట్టలేనులే అన్నట్టు చూసింది. ఆ తేడా నాకప్పుడు పట్టలేదు.

సారె లేని పని కాబట్టి మట్టిని తాళ్ళలా చేసి, ఒకదాని మీద ఒకటి చుట్టుకుంటూ, వేళ్ళతో అతుకుతూ పైకి లేపాలి. అంత జాడీకి కావలసిన తాళ్ళు చేత్తో దొర్లించి చేస్తే రిటైరయ్యేదాకా పడుతుంది. అందుకని ఇంట్లోంచి జంతికల గొట్టం పట్టుకెళ్ళాను. మట్టి నింపి నొక్కితే తాళ్ళు సమానంగా, సర్రున దిగాయి. మాస్టారు తన సర్వీసులో ఇలాంటి యంత్రం చూడలేదన్నారు. మర్నాడు ఆయనా ఒకటి తెచ్చుకున్నారు, వాళ్ళావిడకి చెప్పకుండా. అమ్మకి ఈ సంగతి అట్లతద్దికి తెలిసింది, జంతికలు పంటి కింద మట్టితో కరకరలాడినప్పుడు.

జాడీ లేచింది. ఎంత లేచిందంటే, నేను దాని లోపల అతుకులు నునుపు చేస్తుంటే బయట నించున్న మా ఆవిడకి నా గొంతు నూతిలోంచి వచ్చినట్టు వినిపించేది. వేలు మందాన గోడ, ఏనుగు పాదం లాంటి అడుగు. ఆరింది. గ్లేజు వెయ్యక ముందు కాల్చే మొదటి కాల్పు నెగ్గింది. గోడౌన్లో అందరూ దాని చుట్టూ ప్రదక్షిణంగా నడిచి వెళ్ళేవారు. దారి అలా ఉండేది, ఎటెళ్ళాలన్నా దాన్ని చుట్టి పోవాల్సిందే.

అప్పుడొచ్చింది చిక్కు. గ్లేజు బక్కెట్టులో ఆ జాడీ దూరదు. జాడీలోనే బక్కెట్టు దూరుతుంది. కుంచెతో పూస్తే సున్నం కొట్టిన ప్రహరీగోడలా చారలు పడ్డాయి, కడిగేశాం. మగ్గుతో పోస్తే బుడిపెలు కట్టింది, మళ్ళీ కడిగేశాం. మా అమ్మ జాడీకి మామిడికాయలు బజారులోకి వచ్చేశాయి. బట్టీ నెలకొకసారే వెలిగిస్తారు, ఆ వెలిగించేది మర్నాడే. నేను తల పట్టుకుని కూర్చున్నాను. ఆ చేతులకి గ్లేజుండటం వల్ల తల కూడా మెరిసింది.

అప్పటిదాకా ఒక మూల తన ముంతలు తను చేసుకుంటున్న మా ఆవిడ లేచొచ్చింది. పాత మెత్తటి పంచెగుడ్డ ఒకటి చింపి, గ్లేజులో తడిపి, “దాన్ని బోర్లించండి,” అంది.

నేనూ రాజుగారూ కలిసి బోర్లించాం. ఆత్రేయపురం వాళ్ళు పూతరేకులు ఎలా తీస్తారో చూశారా? కుండని పొయ్యి మీద బోర్లించి, లోపల మంట పెడతారు. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, రెండు కొసలూ పట్టుకుని ఆ వేడి కుండ వీపు మీద ఒక్క లాగు లాగుతారు. ఉల్లిపొర కన్నా పల్చటి రేకు పడుతుంది. మా ఆవిడకి ఆ విద్య పుట్టింటి సారె. జాడీ అడుగు మీంచి అంచు దాకా గుడ్డ లాగింది. పొర పడింది. చార లేదు, బుడిపె లేదు. దాని మీద ఊక బూడిద గ్లేజుతో ఇంకో లాగు, అడ్డంగా అరటి బూడిదతో ఇంకోటి, ఎర్రమట్టితో ఒకటి. పొర మీద పొర, మడత మీద మడత. ఆవిడ గాజుల చప్పుడు తప్ప గోడౌన్లో ఇంకో చప్పుడు లేదు. రాజుగారి ఫోను మోగితే ఆయన దాన్ని మట్టిముద్ద కింద తోసేశారు. ఆ రోజు తరగతిలో పంచుదామని ఆవిడ పుట్టింటి నుంచి వచ్చిన పూతరేకుల డబ్బా కూడా తెచ్చింది. మాస్టారు ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, నోటి నిండా రేకులతో, మాటల్లేక చేతుల్తోనే శభాష్ అంటున్నారు. ఆ తరగతి మొదలైనప్పటి నుంచి ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండటం అదే మొదలు, అదే ఆఖరు.

అడుగంతా పూత పడింది కనక ఇక ఆ అడుగు బట్టీలో పలకకి తగలకూడదు, తగిలితే అతుక్కుపోతుంది. అంచు తుడిచి, బోర్లించినది బోర్లించినట్టే బట్టీలోకి ఎక్కించాం.

బట్టీ చల్లారాక తలుపు తీశాం. పొరలు ఎక్కడ కలిశాయో అక్కడ పూతరేకు మడతల్లాగ సన్నని గీతలు, మబ్బు తెలుపులోంచి ఆకుపచ్చ, ఆకుపచ్చ కింద తేనె. వేలితో తడిమితే నీళ్ళ మీద గాలి నడిచినట్టు. రాజుగారు చాలాసేపు చూసి, ఒక చెరువు రాసిస్తాను, ఇది నాకిచ్చేయండి అన్నారు. రొయ్యలతో సహానా అని మా ఆవిడ అడిగింది. ఆయ్, నీళ్ళు చిలికే ఏరేటర్లతో సహా అన్నారాయన. ఇవ్వనన్నాం. ఇది అమ్మది.

ఇంటికి కబురు ముందే వెళ్ళింది. అమ్మ, తనకి ఇష్టం లేనట్టే మొహం పెట్టుకుని, పొద్దున్నే మనిషిని పంపి కాయలు తెప్పించింది, బజారులోనే కత్తిపీట మీద టెంక పొరతో సహా ముక్కలు కొట్టించింది. మేం జాడీని పక్కకి పడుకోబెడితే దొర్లిపోతుందని, బోర్లించే ఆటోలో ఎక్కించి తెచ్చేసరికి, ముక్కలు తుడిచి పంచె మీద ఆరబెట్టి ఉన్నాయి. ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వులనూనె, ఇంత పెద్ద బేసిను. ఆవకాయ అన్నం ముద్ద తినకుండా వెళ్ళేది లేదని మాస్టారూ, రాజుగారూ కూడా వెంటే వచ్చారు.

జాడీని అరుగు మీద దించాం. అమ్మ దాని చుట్టూ తిరిగింది. వేలితో కొట్టి వింది. దగ్గలేదు, గుడిగంట మోగినట్టు మోగింది. అమ్మ మొహంలో ఆ వెలుగు చూసి నాకు ఛాతీ ఎంత ఉబ్బిందంటే చొక్కా పైగుండీ తెగి రాజుగారి కాఫీలో పడింది. అప్పుడు దాన్ని తిరగేసి నిలబెట్టాం. అమ్మ చెయ్యి లోపలికి దింపింది. మోచెయ్యి దాటి, సరిగ్గా దారం కొలత దాకా. చెయ్యి లోపలే ఆగిపోయింది. నెమ్మదిగా చుట్టూ తడిమింది.

“ఒరేయ్,” అంది. “లోపల?”

నేను తొంగి చూశాను. లోపల పూత లేదు. ఒక్క చుక్క లేదు. ఇటుక లోపల ఎలా ఉంటుందో అలా ఉంది. మాస్టారు తొంగి చూసి, బెల్లం ముక్క నోట్లోంచి తీసేశారు. రోజూ దణ్ణంలా చెప్పిన మనిషి, రోజూ తలూపిన మేం, ఆ ఒక్క సాయంత్రం ఒక్కరికీ లోపల అనే చోటొకటి ఉందని తోచలేదు. బోర్లించి కాల్చాం, బోర్లించే తెచ్చాం, చూసే అవకాశం కూడా లేకపోయింది. ఇలాంటి జాడీలో పోస్తే నూనంతా గోడలు తాగేస్తాయి, వారానికి ఆవకాయ ఎండి ముక్క మిగులుతుంది.

మా ఆవిడ తల దించుకుని, చాలా వినయంగా అంది. “మా ఊళ్ళో కుండకి లోపల మంటుంటుందండీ అత్తయ్యగారూ. అక్కడ ఎవరూ పూయరు.”

మళ్ళీ లోపల గ్లేజు పోసి కాల్చొచ్చు, కానీ బట్టీ వెలిగేది వచ్చే నెల. ముక్కలు కోసి ఉన్నాయి. కోసిన మామిడికాయ ముక్క కేంద్ర ప్రభుత్వం చెప్పినా ఆగదు. పక్కింటి గుమ్మంలో అప్పటికే ఒకావిడ గిన్నె పట్టుకుని తొంగి చూస్తోంది. ఏడాదిపాటు మా వీధి ఏం కలుపుకుని తింటుందన్న ప్రశ్న అలా ఆ అరుగు మీద నోరు తెరుచుకుని నిలబడింది, జాడీ రూపంలో.

రాజుగారే ముందు కదిలారు. ఫోను తీసి అల్లుడిగారింటికి చేసి, తన గదిలో ఉన్న ట్రయలు ముంతలన్నీ కారులో పంపమన్నారు. మాస్టారు గోడౌన్ తాళంచెవి ఇచ్చి నన్ను పరుగెత్తించారు. మిగతావాళ్ళ ఇళ్ళకీ కబురెళ్ళింది. గంట గడవకుండా మా అరుగు మీద ముంతల సంత. అమ్మ అరుగంచున కూర్చుని ఒక్కోదాన్నీ కొట్టి విని, లోపల వేలు తిప్పి చూసి, ఇది పనికొస్తుంది, ఇదీ పనికొస్తుంది అని పక్కన పెట్టింది. ఆవకాయ ఒకే జాడీలో ఉండాలి, విడదీస్తే రుచి విరుగుతుందని అంతకాలం శాసనం చేసిన మనిషి. అలిగిన అల్లుడి ముంతని కూడా పట్టుకుని, ఇది వంకరగా ఉన్నా గట్టిగా ఉందిరా, నీలాగే అంది. అది మెచ్చుకోలని నేను ఇప్పటికీ వాదిస్తాను.

ముంతలు కుదిరాయి. ఇక కలపాలి. బేసిను నేల మీద పెట్టి, పక్కన పీట వేసింది మా ఆవిడ. అమ్మ పీట వంక చూసింది. కూర్చోలేదు. గోడ పట్టుకుని నిలబడింది. అందరూ ఎదురు చూస్తున్నారు. అమ్మ చుట్టూ చూసి, ఎందుకో ఆ బోడి జాడీని మళ్ళీ బోర్లించమంది. బోర్లించాం. ఏనుగు పాదమంత అడుగు పైకొచ్చింది, నున్నగా, తేనెరంగు మడతలతో. అమ్మ దాని మీద కూర్చుంది. తన చేతి కొలతకి కట్టిన ఎత్తు కదా, మోకాళ్ళు సరిగ్గా వంగాయి, పాదాలు సరిగ్గా నేల మీద ఆనాయి. బేసినుని ఎదురుగా ముక్కాలి స్టూలు మీదకి ఎత్తించుకుని, చేతులకి నూనె రాసుకుని, కలపడం మొదలుపెట్టింది. ఆ వాసనకి ఆ సాయంత్రం గోదావరి వంతెన మీద రైలు ఆగిపోయిందని నేను చెబితే మీరు నమ్మరు. సిగ్నల్ లేకపోయినా ఆగింది.

ముంతలు నిండాయి, వాసెనలు కట్టేశాం. కలిపిన బేసినులో వేడన్నం పోసి, అంటుకున్న కారమంతా తుడుచుకుంటూ కలిపి, అమ్మ అందరి చేతుల్లోనూ ముద్దలు పెట్టింది. రాజుగారి రక్తపోటుకి ఆ రోజు సెలవు. మాస్టారు ఆవకాయ ముద్దలో కూడా తీపి ఉందన్నారు, ఆయన మాటలు తిరిగొచ్చేశాయి, ముందు లోపల, తరవాత బయట అంటూ మొదలుపెట్టారు. ముద్ద గురించే అనుకుంటాను. వెళ్ళేటప్పుడు ఎవరి ముంత వాళ్ళకే ఇచ్చి పంపింది అమ్మ, నిండుగా. వీధిలో వాళ్ళకీ తలా ఒకటి. ఆ ఏడాది గిన్నెలు పట్టుకుని గుమ్మం ముందు ఎవరూ నిలబడలేదు, అదొక్కటే వెలితి.

తరవాతి ఏడు లోపలా బయటా గ్లేజు వేసిన జాడీ ఇంకోటి చేశాం. దాని నిండా ఆవకాయ పెట్టింది అమ్మ, ఈ బోర్లించిన జాడీ మీద కూర్చుని. ఇప్పటికీ వంటింట్లో ఈశాన్యం మూల అది బోర్లించే ఉంటుంది. ఇంకెవరినీ దాని మీద కూర్చోనివ్వదు. నన్ను అసలు కూర్చోనివ్వదు.

ఇక కల్పన ఏదో చెబుతానన్నాను కదా. చెప్పాలి. బోదెకి టిక్కెట్టు కొట్టింది నిజం. మేనేజరుగారి ప్యాంటు నిజం. రైలు సంగతి మీ ఇష్టం. ఇందులో అచ్చంగా లేనిది కోతి.

అయితే ఆ కల్పన నాది కాదు. ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక అమ్మ ఆ బోర్లించిన జాడీ మీదే కూర్చుని, చేతికంటిన కారం కడుక్కోకుండానే, నన్ను దగ్గరికి పిలిచింది. కోతి రాలేదురా అంది. జాడీ కడిగి, రెండు చేతుల్తో పట్టుకుని పీట మీంచి లేవబోతే మోకాళ్ళు లేవనివ్వలేదట. జాడీ జారింది. మేం పరుగెత్తుకొచ్చేసరికి నోటికొచ్చింది చెప్పింది. నేల మీద కూర్చుని కలపలేనని మాకు చెప్పడం ఇష్టం లేక, జాడీ లేదన్న వంకతో ఆవకాయే వద్దంది. అబద్ధం ఆవిడది, దాన్ని కోరుకొండ దాకా పంపిన ఘనత నాది. ఈ పెంచి చెప్పే గుణం నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని మా ఆవిడ ఎన్నో ఏళ్ళుగా అడుగుతూ ఉండేది, ఆ రోజుతో మానేసింది.

ఇదంతా రాస్తున్నానని మొన్న అమ్మకి చెప్పి, మోకాళ్ళ సంగతి రాయనా వద్దా అని అడిగాను. జాడీ మీద కూర్చుని పచ్చిమిరపకాయల తొడిమలు తీస్తోంది. ఆలోచించింది.

“రాస్తే రాయి,” అంది. “కోతిని మాత్రం చిన్నది చెయ్యకు.”